మేనేజర్ని తిట్టి, కామెంటేటర్ని మ్యూట్ చేసి: బేస్‌బాల్ ఫ్యాన్స్ కోపం అసలు ఎవరి మీద?

2022 జూన్ 9, చికాగోలో వైట్ సాక్స్‌కీ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కీ మ్యాచ్. ఆరో ఇన్నింగ్స్‌లో డాడ్జర్స్ బ్యాటర్ ట్రే టర్నర్‌కి అప్పటికే రెండు స్ట్రైకులు పడ్డాయి, ఇంకొక్కటి పడితే ఔట్. సరిగ్గా అప్పుడు వైట్ సాక్స్ మేనేజర్ టోనీ లా రూసా, ఇక అతనికి బంతులు వెయ్యొద్దు, కావాలనే వాక్ ఇచ్చి ఫస్ట్ బేస్‌కి పంపించెయ్యండి అని డగౌట్ (గ్రౌండ్ పక్కన టీమ్ కూర్చునే చోటు) నుంచి సైగ చేశాడు. స్టాండ్స్‌లో కూర్చున్న ఒక ఫ్యాన్‌కి ఇక ఆగలేదు, వాడికి రెండు స్ట్రైకులున్నాయి టోనీ, ఏం చేస్తున్నావ్ అని గట్టిగా అరిచాడు, ఆ అరుపు టీవీ మైకుల్లో క్లియర్‌గా పడి టీవీ ముందు కూర్చున్నవాళ్ళందరికీ వినపడింది. తర్వాత వచ్చిన మ్యాక్స్ మన్సీ మూడు రన్స్ హోమ్ రన్ కొట్టాడు, మ్యాచ్ 11-9తో డాడ్జర్స్ పట్టుకెళ్ళిపోయారు.

మ్యాచ్ అయ్యాక రిపోర్టర్లు అడిగితే లా రూసా, ఇందులో అడగడానికి ఏముంది అన్నట్టు మాట్లాడాడు. లెఫ్ట్ హ్యాండ్ పిచర్‌కి, అంటే బంతి వేసేవాడికి, రైట్ హ్యాండర్ టర్నర్ ఎప్పుడైనా ప్రమాదమే, లెఫ్ట్ హ్యాండర్ మన్సీ ఆ సీజన్లో అస్సలు ఫామ్‌లో లేడు, ఆయన లెక్క అది. తలా తోకా లేని లెక్కేం కాదు. కానీ రెండు స్ట్రైకులు పడ్డాక ఎంత మొనగాడైన బ్యాటర్‌కైనా ఛాన్సులు బాగా పడిపోతాయని చిన్నప్పటి నుంచి ఆట చూసే ప్రతివాడికీ తెలుసు, ఆ అరిచినతనికీ తెలుసు. లా రూసా ఏమన్నా చిన్నవాడా అంటే కాదు, మేనేజర్‌గా గెలిచిన మ్యాచ్‌ల లెక్కలో బేస్‌బాల్ చరిత్రలోనే రెండో స్థానం, 2014లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అయినా కొద్ది రోజుల్లోనే సొంత గ్రౌండ్‌లో సొంత ఫ్యాన్సే టోనీని పీకెయ్యండి అని నినాదాలు మొదలుపెట్టారు.

బేస్‌బాల్ ఫ్యాన్ల చిరాకులో సగం ఇలా మేనేజర్ మీదకి పోతుంది, మిగతా సగం మ్యాచ్ చెప్పే కామెంటేటర్ల మీదకి. రెండూ వేర్వేరు గొడవల్లా కనిపిస్తాయి గానీ నాకు అర్థమైనంతలో రెండింటికీ మూలం ఒకటే. కళ్ళ ముందు జరిగింది ఎందుకు జరిగిందో ఫ్యాన్‌కి ఉన్నదున్నట్టు చెప్పే మనిషి దొరకడు. మేనేజర్ చెప్పలేడు, కామెంటేటర్ని చెప్పనివ్వరు.

ఆటతో మొదలుపెడదాం, ఎందుకంటే క్రికెట్‌తో పెరిగిన మనకి మేనేజర్ మీద ఇంత గొడవ ఏంటో వెంటనే ఎక్కదు. క్రికెట్‌లో బౌలర్ని మార్చేది కెప్టెన్, అతను కూడా గ్రౌండ్‌లో చెమటోడుస్తూ ఉంటాడు కాబట్టి తప్పు చేసినా కొంచెం జాలి ఉంటుంది, పైగా తీసేసిన బౌలర్ని మళ్ళీ ఇంకో ఓవర్‌కి తెచ్చుకోవచ్చు. బేస్‌బాల్‌లో అలా కుదరదు. ఎవరు ఏ నంబర్‌లో బ్యాటింగ్ చెయ్యాలి, పిచర్ని ఎప్పుడు దించాలి, అతని బదులు ఎవరిని తేవాలి అన్నీ డగౌట్‌లో కూర్చున్న మేనేజర్ చేతిలోనే, ఒకసారి తీసేసిన ఆటగాడు ఆ మ్యాచ్‌లో మళ్ళీ రాడు. సో మేనేజర్ మెట్లెక్కి పిచర్ దగ్గరికి నడిచి వస్తున్నాడంటే వెనక్కి తీసుకోలేని నిర్ణయం నడిచి వస్తున్నట్టే, ఆ నడక అయ్యేలోపు టీవీ ముందు ఉన్న ప్రతి ఒక్కరూ మనసులో తమ నిర్ణయం తీసేసుకుంటారు. ఇలాంటివి సీజన్‌కి 162 మ్యాచ్‌లు, ఆరు నెలలపాటు దాదాపు రోజూ.

ఇందులో అందరికన్నా ఎక్కువ రక్తం మరిగించేది స్టార్టింగ్ పిచర్ని ఎప్పుడు తియ్యాలి అన్న ప్రశ్న. బ్యాటింగ్ ఆర్డర్‌లో తొమ్మిదిమంది ఉంటారు, ఒకే పిచర్ని మొదటిసారి చూసినప్పటి కన్నా రెండోసారి, రెండోసారి కన్నా మూడోసారి బ్యాటర్లు బాగా ఆడతారని ఏళ్ళ తరబడి లెక్కలు చెప్తున్నాయి, పిచర్ అలసిపోవడం ఒకటి, అతని బంతులు వాళ్ళకి అలవాటైపోవడం ఇంకొకటి. అందుకే ఇప్పుడు చాలా టీమ్‌లు మూడో రౌండ్ మొదలయ్యే టైమ్‌కి స్టార్టర్ని దించేసి బుల్‌పెన్ (మిగతా పిచర్లు రెడీ అవుతూ ఉండే చోటు) నుంచి ఫ్రెష్ పిచర్ని తెస్తాయి. కాగితం మీద చూస్తే చాలా తెలివైన పని. కానీ ఆ రోజు ఆ పిచర్ ఎలా వేస్తున్నాడో కళ్ళతో చూస్తున్న ఫ్యాన్‌కి ఇది కొన్నిసార్లు నరకం.

2003 అక్టోబర్ 16, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి) ఫైనల్ ఏడో మ్యాచ్. గెలిస్తే అసలు ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌కి, ఓడితే ఇంటికి. బోస్టన్ రెడ్ సాక్స్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5-2 లీడ్‌లో ఉంది. పెడ్రో మార్టినెజ్ ఏడో ఇన్నింగ్స్ ముగించి ఆకాశం వైపు వేలు చూపిస్తూ దిగాడు, టీమ్‌మేట్స్ కౌగిలించుకున్నారు, ఇక ఇవాళ్టికి అతని పని అయిపోయిందని అందరూ అనుకున్నారు, కానీ ఎనిమిదో దానికి మళ్ళీ అతనే వచ్చాడు. యాంకీస్ బ్యాటర్లు జీటర్ డబుల్ (రెండు బేసులు), బెర్నీ విలియమ్స్ సింగిల్ (ఒక బేసు), ఒక రన్. అప్పటికి 115 బంతులు. మేనేజర్ గ్రేడీ లిటిల్ నడిచి వచ్చాడు, పెడ్రోతో నాలుగు మాటలు మాట్లాడాడు, అతన్ని అక్కడే ఉంచేసి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ పోస్ట్‌సీజన్‌లో (మామూలు సీజన్ అయ్యాక జరిగే నాకౌట్లలో) బోస్టన్ బుల్‌పెన్ బ్రహ్మాండంగా వేస్తోంది, వంద దాటాక పెడ్రోని బ్యాటర్లు బాగా కొడుతున్నారని టీమ్ ఆఫీసులో లెక్కలున్నాయి, అయినా ఉంచాడు. మత్సుయి డబుల్, పోసాడా డబుల్, స్కోర్ 5-5. పదకొండో ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ అనే యాంకీస్ బ్యాటర్ మొదటి బంతికే హోమ్ రన్ కొట్టి బోస్టన్‌ని ఇంటికి పంపించాడు. లిటిల్‌కి బోస్టన్ మళ్ళీ కాంట్రాక్ట్ ఇవ్వలేదు, ఆ నెల తిరక్కుండానే పోయింది ఉద్యోగం.

ఇప్పుడు దీనికి పూర్తి రివర్స్. 2020 అక్టోబర్ 27, వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, కోవిడ్ వల్ల న్యూట్రల్ గ్రౌండ్ అని టెక్సస్‌లో ఆర్లింగ్టన్‌లో పెట్టారు. టాంపా బే రేస్ 1-0 లీడ్, పిచర్ బ్లేక్ స్నెల్ ఆ రాత్రి పూనకం వచ్చినట్టు వేస్తున్నాడు, 73 బంతుల్లో తొమ్మిది స్ట్రైకౌట్లు, ఒక్క వాక్ లేదు, రెండంటే రెండు హిట్లు. డాడ్జర్స్ మొదటి ముగ్గురు బ్యాటర్లు బెట్స్, సీగర్, టర్నర్ (వీడు జస్టిన్ టర్నర్, ట్రే కాదు) ఆరుసార్లు ఎదురుపడి ఆరుసార్లూ స్ట్రైకౌట్. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక సింగిల్ పడింది, బెట్స్ మూడోసారి రాబోతున్నాడు, అంతే, మేనేజర్ కెవిన్ క్యాష్ బయటికి నడిచి వచ్చేశాడు. అతన్ని చూడగానే స్నెల్ నోట్లోంచి వచ్చిన బూతు పెదాల కదలికలోనే అందరికీ అర్థమైపోయింది. బదులు వచ్చిన నిక్ ఆండర్సన్‌ని బెట్స్ డబుల్ కొట్టాడు, తర్వాత వైల్డ్ పిచ్ (క్యాచర్‌కి అందకుండా పోయిన బంతి), స్కోర్ సమం, ఆపైన ఇంకో రన్, డాడ్జర్స్ 3-1తో గెలిచి వరల్డ్ సిరీస్ ఎత్తుకెళ్ళారు. డగౌట్‌లో బెట్స్ మొహంలో స్నెల్ వెళ్ళిపోయాడన్న సంతోషం దాగలేదు, తర్వాత అడిగితే దాచుకోలేదు కూడా.

ఒకడు తియ్యనందుకు విలన్, ఇంకొకడు తీసినందుకు విలన్. దీన్ని బట్టి చాలామంది తేల్చేసేది ఏంటంటే ఫ్యాన్స్‌కి ఓడిపోతే చాలు ఎవడో ఒకణ్ణి తిట్టాలి, అంతకుమించి లాజిక్ లేదు అని. నేను ఒప్పుకోను. లిటిల్ దగ్గర లెక్కలున్నాయి, కళ్ళకి కూడా పెడ్రో అలసిపోయినట్టు కనపడుతోంది, రెండూ ఒకటే చెప్తుంటే రెండూ వదిలేశాడు. క్యాష్ దగ్గర లెక్క ఒకటి చెప్తోంది, కళ్ళు ఇంకోటి చెప్తున్నాయి, లెక్కనే నమ్మాడు, అది కూడా నేను కొంతవరకు ఒప్పుకుంటా, ఎందుకంటే స్నెల్ అంతకుముందు ఏడాదికి పైగా ఏ మ్యాచ్‌లోనూ ఆరు ఇన్నింగ్స్ పూర్తి చెయ్యలేదు, ఆ ప్లాన్‌తోనే రేస్ ఆ సీజన్ 60 మ్యాచ్‌ల్లో 40 గెలిచింది. నేను ఒప్పుకోలేనిది ఆండర్సన్. అతను ఆ పోస్ట్‌సీజన్లో అప్పటికి వరసగా ఆరు మ్యాచ్‌ల్లో రన్స్ ఇచ్చి ఉన్నాడు, అంటే స్నెల్ విషయంలో లెక్కల్ని నమ్మిన మనిషి ఆండర్సన్ విషయంలో కొత్త లెక్కని చూడలేదన్నమాట. సోఫాలో కూర్చున్న ఫ్యాన్ అరిచింది కూడా సరిగ్గా ఇదే, వాడెందుకు ఇప్పుడు అని. ఇంకో విషయం, ఆ సీజన్‌కి అమెరికన్ లీగ్ బెస్ట్ మేనేజర్ అవార్డు క్యాష్‌కే వచ్చింది, ఓట్లు పోస్ట్‌సీజన్‌కి ముందే వేసేస్తారు కాబట్టి. 60 మ్యాచ్‌ల పని అతనికి అవార్డు తెస్తే, ఒక్క నడక అతని పేరుకి శాశ్వతంగా అంటుకుపోయింది.

అసలు ఈ నిర్ణయాలన్నీ మేనేజర్వేనా? ఇక్కడే అసలు చిక్కుముడి. ఇరవై ఏళ్ళ కిందటి సంగతి వేరు, ఇప్పుడు ప్రతి టీమ్ ఆఫీసులో లెక్కలు చేసేవాళ్ళు గుంపులు గుంపులుగా ఉంటారు, మ్యాచ్‌కి ముందే ఏ రిలీవర్ (స్టార్టర్ బదులు వచ్చే పిచర్) ఏ బ్యాటర్లకి పనికొస్తాడు, ఎవరికి ఇవాళ రెస్ట్, స్టార్టర్ని ఎక్కడిదాకా ఉంచాలి అని మేనేజర్ చేతిలో పెట్టేస్తారు. రూల్స్ కూడా మేనేజర్ చేతులు కట్టేస్తూ వచ్చాయి. 2020 నుంచి, గ్రౌండ్‌లోకి దిగిన రిలీవర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి వెయ్యాలి లేదా ఇన్నింగ్స్ ముగించాలి, 2022 నుంచి నేషనల్ లీగ్‌లో కూడా పిచర్లు బ్యాటింగ్ మానేశారు కాబట్టి పిచర్ బదులు ఎవరిని దించాలి అనే పాత లెక్క పోయింది, 2026 నుంచి బాల్, స్ట్రైక్ మీద మెషీన్‌కి అప్పీల్ చేసే హక్కు వస్తే అది కూడా బ్యాటర్‌కీ పిచర్‌కీ క్యాచర్‌కీ ఇచ్చారు గానీ మేనేజర్‌కి ఇవ్వలేదు. అంటే అధికారం తగ్గుతూ వచ్చింది, జవాబుదారీ మాత్రం అలాగే ఉంది, రోజూ మ్యాచ్‌కి ముందొకసారి తర్వాతొకసారి మైకుల ముందు కూర్చోవాల్సింది అతనే. పైన ఆఫీసువాళ్ళు అలా చెప్పారు అని అనలేడు, అన్నరోజు ఉద్యోగం ఉండదు. ఫలానా రిలీవర్‌కి భుజం నొప్పి, అందుకే తేలేదు అని కూడా చెప్పలేడు, రేపటి ప్రత్యర్థికి అది బంగారంలాంటి సమాచారం. అందుకని మ్యాచప్ (ఆ బ్యాటర్‌కి ఆ పిచర్ జోడీ) నచ్చింది, అతను రెడీగా ఉన్నాడు, మా కుర్రాళ్ళు బాగా పోరాడారు అని అవే మూడు ముక్కలు తిప్పి తిప్పి చెప్తాడు, మూడు గంటలు కూర్చుని చేతికొచ్చిన మ్యాచ్ పోవడం చూసినవాడికి ఆ మూడు ముక్కలు వింటే ఒళ్ళు మండిపోతుంది, మండదా మరి.

ఈ మొత్తం గొడవకి నిలువెత్తు రూపం ఇవాళ ఆరన్ బూన్. అవును, 2003లో బోస్టన్‌ని ఇంటికి పంపిన ఆ బూనే. ఆట మానేశాక ఈఎస్‌పీఎన్ ఛానెల్లో కామెంటేటర్‌గా చేశాడు, 2017 డిసెంబర్‌లో యాంకీస్ అతన్ని నేరుగా కామెంటరీ బాక్స్‌లోంచి తీసుకొచ్చి మేనేజర్ని చేశారు, ఎక్కడా కోచ్‌గా కూడా చేసిన అనుభవం లేదు. మొదటి రెండు సీజన్లలోనూ వందకి పైగా గెలిచాడు, మేనేజర్‌గా తొలి రెండేళ్ళలో అలా గెలిచింది చరిత్రలో అతనొక్కడే. అయినా న్యూయార్క్‌లో అతన్ని తిట్టని వారం ఉండదు, ఎందుకంటే అక్కడ కొలబద్ద వేరు, వరల్డ్ సిరీస్ తప్ప ఇంకేదీ లెక్కలోకి రాదు, అది 2009 తర్వాత రాలేదు.

2024లో వచ్చేదాకా వచ్చింది. అక్టోబర్ 25, డాడ్జర్ స్టేడియం, వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, పదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 3-2 లీడ్. బేసుల మీద ఇద్దరు, ఒక ఔట్, రాబోయేది డాడ్జర్స్ స్టార్ బ్యాటర్ ఒటానీ. బుల్‌పెన్‌లో టిమ్ హిల్ అనే లెఫ్ట్ హ్యాండర్ రెడీగా ఉన్నాడు, ఆ పోస్ట్‌సీజన్లో బాగా వేస్తున్నాడు కూడా. బూన్ అతన్ని వదిలేసి నెస్టర్ కోర్టెస్‌ని తెచ్చాడు, కోర్టెస్ మోచేతి గాయంతో సెప్టెంబర్ 18 తర్వాత ఒక్క మ్యాచ్‌లో బంతి వెయ్యలేదు. మొదటి బంతికే ఒటానీ ఔట్, క్యాచ్ పట్టిన వెర్డుగో ఆ ఊపులో స్టాండ్స్‌లోకి పడిపోయేసరికి రన్నర్లు ఒక్కో బేస్ ముందుకి వెళ్ళారు, బెట్స్‌కి కావాలని వాక్ ఇచ్చారు, ఫ్రెడీ ఫ్రీమన్ కోర్టెస్ వేసిన తర్వాతి బంతినే రైట్ ఫీల్డ్ స్టాండ్స్‌లోకి పంపించాడు, వరల్డ్ సిరీస్ చరిత్రలో మ్యాచ్ ముగించిన మొదటి గ్రాండ్ స్లామ్ (మూడు బేసులూ నిండి ఉండగా కొట్టే హోమ్ రన్) అది. కోర్టెస్ ప్రాక్టీస్‌లో బాగా వేస్తున్నాడు, మ్యాచప్ నచ్చింది అని బూన్ చెప్పుకున్నాడు. సిరీస్ ఐదో మ్యాచ్‌లో 5-0 లీడ్‌లో ఉండి ఒకే ఇన్నింగ్స్‌లో జడ్జ్ సులువైన క్యాచ్ వదిలేశాడు, వోల్పీ త్రో తప్పింది, పిచర్ కోల్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తలేదు, ఐదు రన్స్ ఇచ్చి మ్యాచూ సిరీసూ పోగొట్టుకున్నారు. క్యాచ్ వదిలింది బూన్ కాదు, కానీ టీమ్‌ని ఇలా తయారుచేసింది నువ్వే కదా అన్నది ఫ్యాన్స్ వాదన, నాకు దానిలో కొంత న్యాయం కనిపిస్తుంది. మూడు నెలలు తిరిగాక, 2025 ఫిబ్రవరిలో, యాంకీస్ అతని కాంట్రాక్ట్ 2027 దాకా పొడిగించారు.

ఎందుకు పొడిగించారు అంటే యాంకీస్ ఆఫీసు దృష్టిలో బూన్ తన పని తాను చేస్తున్నాడు. పాత ఓనర్ జార్జ్ స్టైన్‌బ్రెన్నర్ తన మొదటి 23 సీజన్లలో ఇరవైసార్లు మేనేజర్ని మార్చాడు, బిల్లీ మార్టిన్ ఒక్కణ్ణే ఐదుసార్లు పెట్టుకుని ఐదుసార్లు సాగనంపాడు. 1996 నుంచి ఇప్పటిదాకా మాత్రం టోరీ, జిరార్డి, బూన్, ముగ్గురే. జనరల్ మేనేజర్ (ఆఫీసులో కూర్చుని టీమ్‌ని కూర్చేవాడు) బ్రయన్ క్యాష్‌మన్ 1998 నుంచి అదే కుర్చీలో ఉన్నాడు. ఫ్యాన్స్‌కి ఇంకా ఆ పాత జార్జ్ కాలం గుర్తుంది, ఓడితే ఎవడో ఒకడి ఉద్యోగం ఊడాలి అని ఎదురుచూస్తారు, అది జరగదు, కోపం పేరుకుపోతుంది. ఆ కోపం గ్రౌండ్ దాకా వచ్చిన రోజు కూడా ఉంది: 2024 ఏప్రిల్ 22న యాంకీ స్టేడియంలో మ్యాచ్ మొదలై ఐదు బంతులు కూడా దాటకముందే డగౌట్ వెనక కూర్చున్న ఓ ఫ్యాన్ అంపైర్ మీద ఏదో అరిచాడు, అంపైర్ అది బూన్ నోటి నుంచే వచ్చిందనుకుని బూన్‌ని బయటికి పంపేశాడు. అరిచింది నేను కాదు మొర్రో అన్నా వినలేదు.

వైట్ సాక్స్ కథలో ఇది ఇంకా క్లియర్‌గా తెలుస్తుంది. 2020లో లా రూసాని 76 ఏళ్ళ వయసులో మళ్ళీ మేనేజర్‌గా తెచ్చింది ఓనర్ జెర్రీ రైన్స్‌డార్ఫ్ పట్టుదల, 1986లో తన టీమ్ ఇతన్ని తీసేసిందన్న బాధ ఆయనకి ఎప్పటినుంచో ఉంది. అంటే టోనీని పీకెయ్యండి అన్న నినాదం నిజానికి వెళ్ళాల్సిన అడ్రస్ ఓనర్ బాక్స్. లా రూసా 2022లో ఆరోగ్యం బాగోక దిగిపోయాడు, తర్వాత వచ్చిన పెడ్రో గ్రిఫోల్‌ని 2024 ఆగస్టులో సీజన్ మధ్యలో తీసేశారు, ఆ సీజన్ 121 ఓటములతో ఆధునిక బేస్‌బాల్‌లోనే అధ్వానమైన రికార్డుగా ముగిసింది. అప్పటికి చికాగో ఫ్యాన్స్ నినాదం మారింది, టీమ్ అమ్మెయ్ అని అరవడం మొదలుపెట్టారు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం అంటారే, ఇన్నాళ్ళూ జరిగింది అదే, కాకపోతే ఇక్కడ దుత్త ఏటా పది లక్షల డాలర్ల లెవెల్లో జీతం తీసుకునే దుత్త కాబట్టి పూర్తి జాలి కూడా పడలేం.

సరే, మేనేజర్ చెప్పలేడు, మరి విడమరిచి చెప్పడానికే పెట్టుకున్న మనుషులున్నారు కదా, కామెంటేటర్లు? వాళ్ళ కథ చూడాలంటే ముందు వాళ్ళకి జీతం ఎవరిస్తారో చూడాలి. సీజన్లో దాదాపు అన్ని మ్యాచ్‌లూ చెప్పేది లోకల్ కామెంటేటర్లు, వాళ్ళు టీమ్ ఉద్యోగులో, టీమ్‌కి వాటా ఉన్న ఛానెల్ ఉద్యోగులో, అదీ కాకపోతే టీమ్ సరేనంటేనే ఆ సీట్లో ఉండే మనుషులో అయి ఉంటారు. 2023 జులైలో బాల్టిమోర్ ఓరియోల్స్ కామెంటేటర్ కెవిన్ బ్రౌన్, టాంపా బే టీమ్ గ్రౌండ్‌లో మ్యాచ్‌కి ముందు ఒక మాట అన్నాడు, గత మూడేళ్ళలో ఈ గ్రౌండ్‌లో మనం గెలిచినవి చాలా తక్కువ, ఈ ఒక్క ఏడాదే బాగా ఆడుతున్నాం అని. అది పొగడ్త. పైగా టీమే మీడియాకి ఇచ్చిన నోట్స్‌లో ఉన్న లెక్క. అయినా అతన్ని కొన్నాళ్ళు మైకు ముందుకి రానివ్వలేదు, ఆ ఛానెల్లో పెద్ద వాటా ఓరియోల్స్‌దే. విషయం ఆగస్టులో బయటపడ్డాక మిగతా టీమ్‌ల కామెంటేటర్లు, మెట్స్ గ్యారీ కోహెన్, యాంకీస్ మైకేల్ కే లాంటి పెద్దవాళ్ళు, లైవ్‌లోనే ఏకిపారేశారు, బాల్టిమోర్ స్టేడియంలో ఫ్యాన్స్ కెవిన్ బ్రౌన్‌ని వదిలెయ్యండి అని నినాదాలు చేశారు, కొద్ది రోజులకే వెనక్కి తెచ్చారు.

మనకి ఇది కొత్త కాదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన హర్షా భోగ్లేని 2016 ఐపీఎల్‌కి కొద్ది రోజుల ముందు కామెంటరీ టీమ్ నుంచి తప్పించారు, ఎందుకో బీసీసీఐ అధికారికంగా చెప్పలేదు, తనకీ ఎవరూ చెప్పలేదని ఆయనే అన్నారు. ఆ రోజుల్లో మనవాళ్ళందరికీ అర్థమైన విషయం బాల్టిమోర్ ఫ్యాన్స్‌కీ అర్థమైంది, మైకు ఎవరిదో మాట వాళ్ళది.

అలాంటప్పుడు మేనేజర్ పిచ్చి నిర్ణయం తీసుకుంటే లోకల్ కామెంటేటర్ ఏం చెయ్యాలి? ఇంట్రెస్టింగ్ నిర్ణయం అంటాడు, అంతకుమించి అనడు. బేస్‌బాల్ ఫ్యాన్స్‌కి ఆ ఇంట్రెస్టింగ్ అనే మాట వింటేనే తెలిసిపోతుంది, లోపల తిట్టుకుంటున్నాడని. అందరూ ఇలాగే ఉంటారని కాదు. మెట్స్ టీవీలో 2006 నుంచి గ్యారీ కోహెన్, కీత్ హెర్నాండెజ్, రాన్ డార్లింగ్ ముగ్గురూ కలిసి చెప్తున్నారు, తర్వాతి ఇద్దరూ 1986లో మెట్స్ వరల్డ్ సిరీస్ గెలిచిన టీమ్‌లో ఆడినవాళ్ళు, టీమ్ చెత్తగా ఆడిన రోజు చెత్తగా ఆడిందనే చెప్తారు, రన్నర్ బద్ధకంగా పరిగెత్తితే కీత్ నిట్టూర్పు మైకులో వినపడుతుంది. పాత ఓనర్లే ఛానెల్‌కీ ఓనర్లుగా ఉన్న రోజుల్లో కూడా అలాగే చెప్పారు. టీమ్ ఏళ్ళ తరబడి ఓడినా న్యూయార్క్‌లో జనం ఆ ముగ్గురి కోసం టీవీ పెట్టుకున్నారు. నిజం చెప్తే ఫ్యాన్స్ పారిపోతారు అనే టీమ్ ఆఫీసుల భయానికి ఇంతకన్నా గట్టి జవాబు నాకు తెలీదు.

ఇంకో చిక్కు ఏంటంటే డగౌట్‌కీ కామెంటరీ బాక్స్‌కీ మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. బూన్ బాక్స్‌లోంచి డగౌట్‌కి వచ్చాడు, అతనికి ముందు యాంకీస్ మేనేజరైన జిరార్డి కూడా టీవీలో చేసినవాడే, రెడ్ సాక్స్‌కి మేనేజర్‌గా చేసిన అలెక్స్ కోరా, కబ్స్‌కి చేసిన డేవిడ్ రాస్ ఇద్దరూ అంతకుముందు ఈఎస్‌పీఎన్‌లో చేసినవాళ్ళే. నిన్న పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి, రేపు తనకి ఉద్యోగం ఇవ్వగలిగే టీమ్‌ని ఎవరు గట్టిగా అడుగుతారు? నేషనల్ టీవీ మ్యాచ్‌ల్లో ఇన్నింగ్స్ మధ్యలో మేనేజర్‌కి హెడ్‌సెట్ పెట్టి మాట్లాడిస్తారు కదా, అక్కడ ఎప్పుడైనా పదునైన ప్రశ్న విన్నారా? నేనైతే వినలేదు. ఆ మాటల మధ్యలో పడిన బంతులు మాత్రం మిస్సవుతాం.

నేషనల్ కామెంటేటర్ల మీద కోపం ఇంకో రకం. ఆరు నెలలు మన టీమ్‌తో తిరిగిన గొంతులు పోస్ట్‌సీజన్ రాగానే టీవీలోంచి మాయమైపోతాయి, హక్కులన్నీ నేషనల్ ఛానెళ్ళవి కాబట్టి. అప్పటిదాకా మన టీమ్‌ని నాలుగైదుసార్లు చూసినవాళ్ళు వచ్చి మన ఆటగాళ్ళ గురించి మనకే చెప్తారు, తప్పు చెప్తే ఒళ్ళు మండుతుంది, కరెక్ట్‌గా చెప్పినా ఏప్రిల్‌లోనే మాకు తెలుసులే అనిపిస్తుంది. ఫాక్స్‌లో జో బక్ 1996 నుంచి 2021 దాకా వరల్డ్ సిరీస్‌లు చెప్పాడు, దేశంలో ప్రతి టీమ్ ఫ్యాన్స్ వీడికి మేమంటే పడదు అని నమ్మారు. డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళలో రేంజర్స్‌ని అప్పటినుంచి ఫాలో అయ్యేవాళ్ళకి 2011 అక్టోబర్ 27 గుర్తుండే ఉంటుంది, టైటిల్‌కి ఒక్క స్ట్రైక్ దూరం దాకా రెండుసార్లు వెళ్ళి సెయింట్ లూయిస్ కార్డినల్స్ చేతిలో 10-9తో ఓడిన రాత్రి. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రైట్ ఫీల్డ్‌లో నెల్సన్ క్రూజ్ బదులు మంచి ఫీల్డర్ని ఎందుకు పెట్టలేదని మేనేజర్ రాన్ వాషింగ్టన్‌ని ఇప్పటికీ అడుగుతారు, బెంచ్ మీద ఎండీ చావెజ్ ఉన్నాడు. చివర్లో కార్డినల్స్ బ్యాటర్ ఫ్రీస్ హోమ్ రన్‌కి జో బక్, 1991లో తన తండ్రి జాక్ బక్ చెప్పిన మాటనే మళ్ళీ చెప్పాడు, రేపు రాత్రి కలుద్దాం అని. ఆ తండ్రి దశాబ్దాలపాటు కార్డినల్స్ గొంతు. కామెంటరీగా అది అద్భుతం, కానీ రేంజర్స్ ఫ్యాన్ చెవులకి అది ఎదుటివాడి ఇంట్లో పండగలా వినపడింది, అలా వినపడటంలో అతని తప్పేం లేదు.

2024లో ఫ్రీమన్ గ్రాండ్ స్లామ్ చెప్పింది జో డేవిస్, మామూలు సీజన్లో డాడ్జర్స్ లోకల్ టీవీ గొంతు అతనే. 1988లో అదే స్టేడియంలో అదే రైట్ ఫీల్డ్ వైపు కుంటుకుంటూ వచ్చి హోమ్ రన్ కొట్టిన కర్క్ గిబ్సన్‌ని గుర్తుచేస్తూ, గిబ్సన్‌కి ఫ్రెడీని పరిచయం చేస్తున్నట్టు ఒక్క ముక్క అన్నాడు. పక్షపాతం అన్నారు యాంకీస్ ఫ్యాన్స్ కొందరు. నాకలా అనిపించలేదు, ఆ పోలిక ఎవరికైనా రావాల్సిందే. అతని పక్కన కూర్చునే జాన్ స్మోల్ట్జ్ మీద కంప్లైంట్ మాత్రం నాకూ ఉంది, తను పిచర్‌గా హాల్ ఆఫ్ ఫేమ్ మనిషి, పిచింగ్ గురించి చెప్తుంటే బంగారం, కానీ ఇప్పటి ఆట అంటే ఆయనకి నచ్చదన్న సంగతి ప్రతి మ్యాచ్‌లోనూ తెలిసిపోతుంది, ఏడాదంతా ఎదురుచూసి వరల్డ్ సిరీస్ పెట్టుకున్నవాడికి ఈ ఆట పాడైపోయింది అన్న గొంతు చెవిలో పడటం ఏం న్యాయం? గిబ్సన్ హోమ్ రన్‌ని 1988లో ఎన్‌బీసీలో చెప్పిన విన్ స్కల్లీ, బంతి స్టాండ్స్‌లో పడ్డాక నిమిషానికి పైగా నోరు మెదపలేదు, జనం అరుపులే విననిచ్చాడు. డాడ్జర్స్‌కి 67 సీజన్లు చెప్పాడాయన, లోకల్ మ్యాచ్‌ల్లో చాలామటుకు బాక్స్‌లో ఒక్కడే కూర్చుని. ఇప్పుడు ముగ్గురు కూర్చుంటారు, కింద గ్రౌండ్‌లో ఇంకొకరు, మధ్యలో బెట్టింగ్ యాప్‌ల రేట్లు చదవడం ఒకటి, 2018లో అమెరికా సుప్రీం కోర్ట్ తీర్పుతో రాష్ట్రాలకి బెట్టింగ్ అనుమతించే దారి తెరుచుకున్నాక ఇది విపరీతమైంది.

అందుకే చాలామంది పోస్ట్‌సీజన్లో టీవీ మ్యూట్ చేసి లోకల్ రేడియో పెట్టుకుంటారు, రేడియోలో పాత గొంతులు అలాగే ఉంటాయి కాబట్టి. ఇదీ సులువు కాదు, రేడియో ముందు పరిగెడుతుంది, స్ట్రీమింగ్ వెనక ఉంటుంది, పిచర్ ఇంకా బంతి చేతిలో తిప్పుతుండగానే చెవిలో హోమ్ రన్ అయిపోతుంది, రేడియోని కొన్ని సెకన్లు ఆపి వదిలే యాప్‌లు పెట్టుకుని రెండిటినీ జత చేసుకుంటారు. ఆటని ఎంత ప్రేమిస్తే ఇంత తంటాలు పడతారో ఛానెళ్ళవాళ్ళు ఒకసారి ఆలోచించాలి. దీనికి తోడు బ్లాకౌట్ రూల్స్. లోకల్ ఛానెల్ హక్కులు కాపాడటానికి లీగ్ స్ట్రీమింగ్ సర్వీస్‌లో చుట్టుపక్కల టీమ్‌ల మ్యాచ్‌లు రాకుండా చేస్తారు, సొంతంగా మేజర్ లీగ్ టీమ్ ఒక్కటీ లేని అయోవా రాష్ట్రంలో ఏళ్ళపాటు ఆరు టీమ్‌ల మ్యాచ్‌లు ఇలా బ్లాకయ్యాయి. 2023 మార్చిలో చాలా టీమ్‌ల లోకల్ ఛానెళ్ళు నడిపే డైమండ్ స్పోర్ట్స్ దివాలా పిటిషన్ వేశాక రేపు మన మ్యాచ్ ఎక్కడ వస్తుందో తెలీని పరిస్థితి కూడా వచ్చింది. డబ్బు కట్టి, సగం మ్యాచ్‌లు రాక, వచ్చిన మ్యాచ్‌లో నచ్చని గొంతు వింటున్నవాడి కోపం ఆ గొంతు మీద కాక ఇంకెక్కడికి పోతుంది.

కోపం సరైన చోటికి వెళ్ళిన కేసు ఒకటి మాత్రం ఉంది, ఓక్లాండ్ అథ్లెటిక్స్ టీమ్‌ది. ఓనర్ జాన్ ఫిషర్ మంచి ఆటగాళ్ళనందరినీ వదిలించుకుని, టీమ్‌ని లాస్ వేగస్ పట్టుకెళ్తానన్నాడు. 2023 జూన్ 13న, అప్పటికే సీజన్లో అట్టడుగున ఉన్న టీమ్ కోసం, ఫ్యాన్స్ పిలుపు ఇచ్చుకుని 27,759 మంది స్టేడియానికి వచ్చారు, ఆకుపచ్చ టీషర్టుల మీద అమ్మెయ్ అనే ఒక్కటే మాట. జట్టు ఎన్ని ఓడినా మేనేజర్ మార్క్ కాట్సేని పీకెయ్యండని ఆ రాత్రి ఎవరూ అరవలేదు, అతని చేతిలో ఏమీ లేదని వాళ్ళకి తెలుసు, తెలిసేలా అంతా బయటే జరిగింది కాబట్టి. 2024 సెప్టెంబర్ 26న ఓక్లాండ్‌లో చివరి మ్యాచ్ అయ్యాక కాట్సే మైకు పట్టుకుని గ్రౌండ్ మధ్యలోకి వచ్చాడు, ఫ్యాన్స్‌కి థాంక్స్ చెప్పాడు, ఆఖరిసారి లెట్స్ గో ఓక్లాండ్ అందాం రండి అని తనే మొదలుపెట్టాడు, దాదాపు 47 వేల మంది అతనితో కలిసి అరిచారు.